మా మామగారికి కనపడని మేర

మా మామగారికి పొగరెక్కువని దొరవారిసత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ తెలుసు. సంబంధం మాట్లాడటానికి మద్రాసులో మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి కూడా ఆ సంగతి దాచలేదు. పొలముంది, పరువుంది, కాస్త పొగరూ ఉంది, మూడోదాన్ని పట్టించుకోకుంటే పిల్ల సుఖపడుతుందని మా నాన్నతో చెప్పాడు. మా నాన్న మొదటి రెండూ విని తల ఊపాడు.

యాభైల చివర్లో నేను కాపురానికి వెళ్ళేసరికి మామగారు ఆ ఊరి మునసబు. గట్టు తగాదాలు తీర్చడమంటే ఆయనకు భోజనం కంటే ఇష్టం. గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు, సరిహద్దు రాయి జానెడు జరిగినా తన కంటికి తెలిసిపోతుందని చెప్పుకునేవారు. ఆయన చూశానంటే అది జరిగినట్టు. చూడలేదంటే అది లోకంలో లేనట్టు.

అలా లోకంలో లేకుండా పోయేవి ఏటికేడాది ఎక్కువవుతున్నాయని నాకు వెళ్ళిన వారానికే తెలిసింది. వసారాలో కుడిపక్క నీళ్ళ బిందె ఉండేది. ఒక పొద్దున మామగారు దాన్ని తన్నుకుని పడబోయి, దారిలో బిందె పెట్టిందెవరని గర్జించారు. ఆ బిందె మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచీ అక్కడే ఉంది. అయినా ఇంటిల్లిపాదీ నా వైపే చూశారు, ఆ ఇంట్లో కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి.

తరువాత ఒకరోజు వీధిలో ఆపి ఉంచిన బండి నొగ ఆయన భుజానికి తగిలింది. బండిగలవాణ్ణి పిలిపించి, మునసబు నడిచే వీధిలో నొగ ఎటు తిప్పి పెట్టాలో నేర్పారు. గొడ్లసావిడి వాకిలికి తల కొట్టుకుంటే వడ్రంగిని పిలిపించారు. కుడిపక్క నుంచి వచ్చి దణ్ణం పెట్టిన రైతు బదులు రాక వెళ్ళిపోయేవాడు. ఎదురుగా వచ్చిన రైతుకు మాత్రం కుశలప్రశ్నలు. రెండోవాడు తన మీద ఏదో చాడీ చెప్పి ఉంటాడని మొదటివాడు పగపట్టేవాడు.

వీటన్నింటినీ మించింది నాయుడుపేట పెళ్ళిలో జరిగింది. మా ఆడబిడ్డ మామగారు, అంటే మా మామగారికి వియ్యంకుడు, పందిట్లో కుడిపక్కన నిలబడి చేతులు జోడించాడు. జోడించిన చేతులు దించకుండా చాలాసేపే నిలబడ్డాడట. మామగారు ఆయన మీసాల పక్కనుంచే నడిచి వెళ్ళి, అవతల ఉన్న తమలపాకుల వ్యాపారిని పలకరించారు. వియ్యంకుడు ఆ పూట భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. ఆ తరువాత మా ఆడబిడ్డను పుట్టింటికి పంపడం మానేశాడు. కారణం ఏమిటని ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. మధ్యలో ఆ పిల్ల ఏడ్చింది.

ఇంతలో మామగారికి రాత్రిపూట లాంతరు చుట్టూ రంగుల వలయాలు కనిపించడం మొదలైంది. ఆ మాట పురోహితుడి చెవిన పడింది. ఇలాంటి తేజస్సు పుణ్యాత్ములకు తప్ప కనపడదని ఆయన తేల్చాడు. మామగారు ఆ పుణ్యాన్ని కొన్నాళ్ళు ఊరంతటికీ వినిపించారు.  అయితే మద్రాసులో మా నాయనమ్మకు కూడా దీపాల చుట్టూ అవే రంగులు కనిపించాయి. ఆ తరువాత ఆమెకు దీపాలే కనిపించలేదు. ఈ మాట అత్తగారికి చెప్పాను. ఆవిడ భర్తకు ఎలా చెప్పిందో తెలియదు గానీ, పేపరు చదవడానికి కొత్త కళ్ళజోడు కోసమని పేరు పెట్టి ఆయన నెల్లూరు బయలుదేరారు. తోడు నేను. కొడుకు వెళ్ళాల్సింది, కానీ మా ఆయనకు రైలెక్కితే వాంతులు. పైగా మందుసీసా మీద ఇంగ్లీషు చదవగలిగింది ఇంట్లో నేనే.

నెల్లూరు కంటి డాక్టరు ఓడెక్కి సీమకు వెళ్ళి చదివొచ్చిన మనిషి. వచ్చిన రోగి కంట్లోకి చూసేలోపు తాను సీమలో చూసినవన్నీ చెప్పేవారు. అయితే పని తెలియని మనిషి కాదు. మామగారి కంట్లో మందుచుక్క వేసి, కనుగుడ్డు మీద చిన్న పరికరం నిలబెట్టి, కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉందన్నారు. ఇది నీటికాసుల జబ్బు, చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది, ఎంత పోయిందో తెర మీద చూడాలన్నారు.

తెర ఉన్న గదిలో కిటికీలకు నల్లకాగితాలు అంటించి ఉన్నాయి. ఒక గోడ మొత్తం నల్లగుడ్డ, నడుమ తెల్ల బొత్తాం. ఎదురుగా కుర్చీ, గడ్డం ఆనించుకోవడానికి ఒక కొయ్య. ఒక కంటికి దూది కట్టి, రెండో కంటితో ఆ బొత్తాన్నే చూస్తూ కూర్చోవాలి. డాక్టరు నల్ల అంగీ తొడుక్కుని, నల్లరంగు పూసిన పొడుగు పుల్ల పట్టుకుంటారు. పుల్ల చివర చిన్న తెల్లపూస. దాన్ని గుడ్డ అంచు నుంచి నడిమికి మెల్లగా జరుపుతారు. చూపు కదపకుండా, పూస కనపడగానే చెప్పాలి. మాయమైతే మాయమైందని చెప్పాలి. చెప్పిన చోటల్లా డాక్టరు గుడ్డకు గుండుసూది గుచ్చుతారు. చివరికి సూదుల వెంట గీత గీస్తే ఆ కంటికి ఎంత మేర మిగిలిందో బయటపడుతుంది. నాలుగైదు నెలలకోసారి వచ్చి ఇదే పరీక్ష చేయించుకుంటే గీత నిలిచిందో, లోపలికి జరిగిందో తెలుస్తుంది. జబ్బు కుదిరిందా ముదిరిందా అని చెప్పడానికి అంతకంటే దారి లేదన్నారు.

ఇంత సులువైన పరీక్షలో తప్పడం ఎలాగో మామగారు ఆ రోజు చూపించారు. ముందు బొత్తాన్ని వదిలేసి పూస ఎక్కడుందా అని గుడ్డంతా వెతికారు. డాక్టరు మందలించారు. తరువాత పుల్ల కదిలినా కదలకున్నా కనపడతా ఉండాదని చెబుతూ పోయారు. డాక్టరు పూసను వెనక్కి తిప్పి, ఇప్పుడో అని అడిగారు. ఇప్పుడూ ఉండాదన్నారు మామగారు. డాక్టరు పుల్లను ఆయన కళ్ళముందుకు తెచ్చి, పూస ఇటువైపు లేదని చూపించారు. పోయిందని చెప్పబోతా ఉంటే నువ్వే తొందరపడినావని మామగారు ఆయన్నే తప్పుబట్టారు.

సాయంత్రానికి ఎలాగో నిజం గుడ్డ మీదికి వచ్చింది. కుడికంటికి బొత్తాం చుట్టూ కాసింత తప్ప మిగతాదంతా పోయింది. ఎడమకంటికి పైవైపు, ముక్కువైపు పోవడం మొదలైంది. అందుకే కుడిపక్క నుంచి వచ్చేదేదీ ఈయనకు తెలియదని డాక్టరు నాకు చెప్పారు. పోయింది తిరిగి రాదు, చుక్కలమందు వేస్తే ఉన్నది నిలవొచ్చు. నాకు ఒక్కసారిగా బిందె, నొగ, వియ్యంకుడి చేతులు అన్నీ అర్థమయ్యాయి. ఊరంతా పొగరనుకున్నది కంటిజబ్బు. ఈ మాట తెలిస్తే ఎన్ని పగలు చల్లారతాయో అని నేను సంతోషించాను. నా తెలివి అంతవరకే.

 తిరుగు రైల్లో గూడూరు దాటాక మామగారు కిటికీ వైపు చూస్తూనే అన్నారు.

"అమ్మాయ్, ఈ మాట ఊళ్ళో ఎవురికీ చెప్పబాక. పొగరుబోతంటే అననీ. మా నాయనను గూడా అన్నారు, మా తాతను గూడా అన్నారు. గుడ్డి మునసబంటే మాత్రం నేను ఎవుడి గట్టు మీదా నిలబడలేను."

"వియ్యంకుడికైనా చెప్పొద్దా మామా? పిల్లను పంపిస్తాడు గదా."

"ఆయనకు అసలే చెప్పబాక."

నేను ఊళ్ళో చెప్పలేదు. ఇంట్లో మాత్రం దాగలేదు. మందుసీసా ఎందుకో, రోజుకు ఇన్నిసార్లు కంట్లో చుక్కలెందుకో అత్తగారు నన్నే అడిగింది. నేను మాట దాటేస్తే ఆవిడ తానే పరీక్ష పెట్టుకుంది. భోజనాల వేళ వడ్డిస్తూ ఒకసారి ఎడమపక్క, ఒకసారి కుడిపక్క నిలబడి, గరిటె పైకీ కిందికీ ఆడించి, డాక్టరు పూసతో తెలుసుకున్నది పప్పుగరిటెతో తెలుసుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చూపుకు జడిసి బతికిన మనిషి. ఆ చూపు ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిశాక ఆవిడ కొత్తగా కాపురం మొదలుపెట్టింది. పీట తెచ్చి ఆయన కుడిపక్కన వేసుకుని దర్జాగా కూర్చునేది. ఆయన తిడుతుంటే నోరు తిప్పేది. ఇవ్వొద్దని ఆయన కట్టడి చేసిన చల్లను ఆయన కుడిభుజం వెనక నుంచే పాలేళ్ళకు పోసి పంపేది. మా ఇంట్లో ఆవిడ నవ్వగా నేను చూసింది అప్పుడే మొదటిసారి.

మందు వేయడం నా పని. ఆ చుక్కలు పడితే కంటిపాప చిన్నదై, సందెవేళ లోకం మసకగా కనపడుతుంది. మందు మానితే వెలుగు వస్తోంది, వేస్తే చీకటవుతోంది, ఇది ఏ రకం వైద్యమని మామగారు వాదించేవారు. పైకి చూడమంటే కింద చూసేవారు. చుక్క చెంప మీద పడితే తుడుచుకుని, వేశావు గదా ఇంక పొమ్మనేవారు.

అందుకే రెండోసారి పరీక్షలో ఎడమకంటి గీత లోపలికి జరిగింది. ఇంకోసారి కూడా ఇలాగే జరిగితే మద్రాసు పోయి ఆపరేషను చేయించుకోక తప్పదని డాక్టరు చెప్పారు. ఆపరేషనన్న మాటకు మామగారి ముఖం చూడలేకపోయాను. వాయుగుండం రేయి ఇంటికప్పు లేచిపోయినా నిబ్బరంగా మంచం మీద కూర్చున్నాడని పేరున్న మనిషి, కంట్లో కత్తి అనేసరికి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేశారు.

ఇక్కడ మా అత్తగారి తమ్ముడు ప్రవేశించాడు. ఆయన నాయుడుపేటలో ప్లీడరు గుమాస్తా. కోర్టుకెళ్ళే సాక్షులకు ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కళ్ళు తుడుచుకోవాలో నేర్పడం ఆయన వృత్తి. బావగారి కష్టం విని, ఇదెంత పని అన్నాడు. పరీక్షంటే ప్రశ్నలు, జవాబులే గదా, సాక్షిని తయారుచేయకుండా బోనెక్కించడమే మీరు చేసిన తప్పని అక్కకూ నాకూ బోధించాడు. మూడోసారి నెల్లూరికి మాతోపాటు ఆయన వచ్చాడు. గదిలోకి తానే వెళ్తానన్నాడు. ఆడమనిషికి చీకటిగదిలో ఏం పనని నన్ను వరండాలో కూర్చోబెట్టాడు.

లోపల్నుంచి మధ్యమధ్య ఆయన దగ్గు వినిపించింది. చుట్టలు తాగే మనిషి గదా అనుకున్నాను.

కాసేపటికి డాక్టరు వరండాలోకి దాదాపు పరుగున వచ్చారు. ఎడమకంటికి పోయిన మేర చాలావరకు తిరిగి వచ్చిందట. పోయింది తిరిగి రాదని మొన్న చెప్పిందీ ఆయనే. ఇప్పుడు తాను మందులో చేసిన మార్పే దీనికి కారణమన్నారు. నేను ఉండబట్టలేక, ఇంట్లో ఈయన తలుపులకు కొట్టుకోవడం ఎక్కువైందండీ, మొన్న పంటకాలువలో కూడా పడ్డారని చెప్పాను. డాక్టరు నవ్వారు. ఇంటి ఆడవాళ్ళు తలుపులు చూస్తారు, మేము శాస్త్రం చూస్తాం, భయం వల్ల కూడా మనిషి తలుపులకు కొట్టుకుంటాడన్నారు. వెనకే వచ్చి నా పక్కన నిలబడ్డ మామగారి మోకాలికి కట్టు ఉంది. దాని మీదికి ఆయన చూపు పోలేదు.

నాలుగోసారికి చూపు ఇంకా బాగుపడింది. డాక్టర్లందరూ కూడిన సభలో మా డాక్టరు ఈ వింత గురించి ఉపన్యాసం ఇచ్చారని కంపౌండరు చెప్పాడు. ఊళ్ళో మామగారు తన చూపు పులికి కూడా లేదని ప్రకటించి, నా చేతిలోని మందుసీసాను అటక మీద పెట్టించారు. నేను గొడవపడ్డాను. నువ్వు డాక్టరువా అని మా ఆయన నన్నే అడిగాడు. ఆ వేసవిలో మామగారు కుడిపక్కే కాదు, పైనుంచి వేలాడేవాటినీ చూడలేకపోయారు. చెట్టుకొమ్మలు, దండెం మీది బట్టలు, ఉట్టి, ఒక్కొక్కటీ ఆయన నుదురుకు తగిలి తిట్లు తిన్నాయి.

వానలు మొదలయ్యాక నెల్లూరి నుంచి మనిషి వచ్చాడు. మద్రాసు నుంచి ఒక పెద్ద డాక్టరు వస్తున్నారట, ఈ వింత రోగిని స్వయంగా చూస్తారట. మామగారు ఇస్త్రీ చేసిన కండువా వేసుకున్నారు. ఆయన బావమరిది, అదే ఆ ప్లీడరు గుమాస్తా, జలుబుతో మూలుగుతూనే బయలుదేరాడు. అవసరమైన రోజున సాక్షిని ఒంటరిగా వదలడం ఆయన వృత్తిధర్మానికి విరుద్ధం.

ఆ గదిలో ఆ రోజు అరడజను మంది డాక్టర్లు గోడవార నిలబడ్డారు. పెద్ద డాక్టరు ముసలాయన, అరవం తప్ప తెలుగు పెద్దగా రాదు. మా డాక్టరు పక్కన నిలబడి తర్జుమా చేయబోతే ఆయన వద్దని, ఇంటివాళ్ళలో అరవం తెలిసినవాళ్ళు ఉన్నారా అని అడిగారు. అలా నేను మళ్ళీ చీకటిగదిలోకి వెళ్ళాను. బావమరిది నాకంటే ముందే మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

ముసలాయన కుడికంటికి దూది కట్టి, పుల్ల అందుకున్నారు. పూస గుడ్డ అంచు దాటి లోపలికి వచ్చింది. మూల నుంచి చిన్న దగ్గు. కనపడతా ఉండాదన్నారు మామగారు. పూస పై నుంచి వచ్చింది. దగ్గు. కనపడతా ఉండాది. వరండాలో నేను విన్న దగ్గు చుట్టలది కాదని అప్పుడు అర్థమైంది. మా డాక్టరు మాత్రం గోడవార ఉన్నవాళ్ళ వైపు చూసి తల ఎగరేశారు.

అప్పుడు ముసలాయన పూసను బొత్తానికి ఎడమపక్కగా, జానెడు దూరానికి తెచ్చి, అక్కడే నిలిపారు. బావమరిది దగ్గాడు.

"కనపడతా ఉండాది," అన్నారు మామగారు.

బాగా కనపడుతోందా, మసకగానా, అడుగమ్మా అన్నారు ముసలాయన. నేను అడిగాను.

"పున్నమి చంద్రుడి మాదిరి ఉండాదని చెప్పు."

నేను అరవంలో చెప్పాను. గోడవార ఉన్నవాళ్ళలో ఎవరో గొంతు సవరించుకున్నారు. మా డాక్టరు ముఖం వాడిపోయింది. మనిషన్నవాడి కంట్లో నరం వెనక్కి పోయే చోట చూపు ఉండదనీ, ఆ చోటుకు ఎదురుగా తెర మీద ఏది పెట్టినా ఎంత మంచి కంటికైనా కనపడదనీ, అందరికీ పుట్టుకతోనే అలా ఉంటుందనీ ముసలాయన నాకు నెమ్మదిగా చెప్పారు. పరీక్ష మొదలుపెట్టగానే ముందు చూడాల్సింది ఆ చోటేనట. మాట నాతోనే అయినా చూపు మా డాక్టరు మీద ఉంది. సంతోషంలో ఆయన ఆ చోటు చూడడం రెండుసార్లు మరిచారు.

ముసలాయన పుల్లను తన వీపు వెనక పెట్టుకుని ఊరికే నిలబడ్డారు. తెర మీద ఏమీ లేదు. బావమరిదికి ఈసారి వచ్చింది నిజమైన దగ్గు. ఆపుకోవాలని పాపం చాలా ప్రయత్నించాడు, కండువా నోట్లో కుక్కుకున్నాడు. అది తెరలు తెరలుగా వచ్చింది.

"ఇప్పుడు కనపడతా ఉండాది," అన్నారు మామగారు. "ఇప్పుడు గూడా. ఇప్పుడు బో బాగా కనపడతా ఉండాది."

ముసలాయన మూలకు తిరిగి, వచ్చీరాని తెలుగులో, దగ్గు ఎన్ని రోజులుగా ఉందని మర్యాదగా అడిగారు. గోడవార ఒక కుర్ర డాక్టరు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. బావమరిది కూడా ఆయన వెనకే వెళ్ళాడు.

తరువాత ముసలాయన అందరినీ పంపించి, నన్ను ఒక్కదాన్నే ఉంచి, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేశారు. దగ్గేవాళ్ళు లేరు. పూస అంచు దాటి లోపలికి, ఇంకా లోపలికి వచ్చినా మామగారు పలకలేదు. సూదులు ఒక్కొక్కటే బొత్తానికి దగ్గరగా గుచ్చుకుంటూ వచ్చాయి. నాకు ఆ పూస తెల్లగా, స్పష్టంగా, ఆయన ముఖం ముందే కనపడుతోంది. ఆయన మెడ నరాలు బిగించి చూస్తున్నారు. అంతవరకూ ఆయనను చూసి లోలోపల నవ్వుకున్నదాన్ని, ఆ కాసేపు నవ్వలేకపోయాను. రెండు దొంగపరీక్షలను నమ్మి, మందు లేకుండా గడిపిన నెలల్లో, ఎడమకంటికి సగం పైగా పోయింది.

బయటికి వచ్చాక మామగారు మెట్ల మీద బావమరిదిని పట్టుకుని తిట్టారు. మోసం చేయించినందుకు కాదు, జలుబుతో వచ్చినందుకు. బావమరిది తల వంచుకుని, సాక్షి తప్పేమీ లేదు బావా, ఎదుటి ప్లీడరే గట్టివాడు అన్నాడు. మా డాక్టరు తన ఉపన్యాసాన్ని వెనక్కి తీసుకోలేదు. ముసలాయనకు పైకొచ్చేవాళ్ళంటే ఓర్వలేనితనమని చాలాకాలం చెప్పుకున్నారట.

ఆపరేషను మద్రాసులోనే, ముసలాయన చేతి మీదుగా జరిగింది. కంటి అంచున సన్నని రంధ్రం చేసి లోపలి నీటికి దారి ఇవ్వడం. ముందురోజు మామగారు నన్ను పిలిచి, కోశాక ఎంత ఎక్కువ కనపడుతుందని అడిగించారు. ఏమీ ఎక్కువ కనపడదు, ఉన్నది పోకుండా ఉంటే గొప్ప అన్నారు ముసలాయన. ఉన్నదాని కోసం ఇంత కోతా అని మామగారు చాలాసేపు గొణిగారు. కాని కదలకుండా పడుకోవాల్సిన రోజుల్లో నిజంగానే కదలకుండా పడుకున్నారు. భయం ఆయనకు క్రమశిక్షణ నేర్పింది. మందు ఆ పని చేయలేకపోయింది.

కంటికి కట్టుతో ఊరికి తిరిగి వచ్చాక సంగతి దాచడానికి వీలులేకపోయింది. దాచాల్సిన అవసరం ఎప్పుడో పోయిందని కూడా అప్పుడే తెలిసింది. చల్ల కోసం వచ్చే పాలేళ్ళు అత్తగారికి చెప్పారు. మునసబుగారికి కుడిపక్క కనపడదని ఊళ్ళో రైతులు ఏనాడో కనిపెట్టారట. గట్టు తగాదా వచ్చినప్పుడు, రాయి జరిపినవాడే ముందుగా వచ్చి, ఎంతో వినయంగా ఆయన చెయ్యి పట్టుకుని, జరిపిన రాయి కుడిపక్క పడేటట్టు గట్టు మీద నిలబెట్టేవాడట. ఆయన ఒక్క చూపు చూసి, అంతా సరిగ్గా ఉందని తీర్పు చెప్పేవారు. ఆ ఊళ్ళో మొలగొలుకుల వడ్లు పండే మంచి నేల ఎంతో కొంత ఇలా చేతులు మారింది. ఆయన పొగరును చాటున తిట్టినవాళ్ళే దాన్ని కాపాడుతూ వచ్చారు. ఆ జబ్బు కుదిరితే వాళ్ళకే నష్టం.

మామగారు ఈ మాట విని ఒక రోజంతా అన్నం తినలేదు. తరువాత మునసబుగిరీ కొడుక్కు ఒప్పజెప్పారు. మా ఆయనకు అన్ని పక్కలా కనపడుతుంది, ఏ పక్కా తేల్చలేడు. ఊరివాళ్ళు ఆయనతో కూడా బాగానే సర్దుకున్నారు.

ఆ వార్త నాయుడుపేట దాకా పోయాక వియ్యంకుడు మెత్తబడ్డాడు. మా ఆడబిడ్డను వెంటబెట్టుకుని, పండ్లు తీసుకుని వచ్చాడు. ఈసారి సరిగ్గా ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు.

"బావా, ఆ రోజు పందిట్లో నేను మీకు కనపడలేదని తెలియక మనసులో పెట్టుకున్నా. తప్పు నాదే."

అక్కడితో అయిపోవాల్సింది. మామగారు కండువా సర్దుకున్నారు. పక్కన పాలేళ్ళు ఉన్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు.

"కనపడకేం, కనపడినావు. పలకరించబుద్ధి కాలేదు."

వియ్యంకుడు వచ్చిన బండిలోనే వెళ్ళిపోయాడు. మా ఆడబిడ్డ మాత్రం దిగిన బండి మళ్ళీ ఎక్కలేదు. మీ ఇద్దరి మర్యాదల కోసం ఇన్నాళ్ళూ ఏడ్చింది చాలు, నెల తరువాత నేనే వస్తానని తన మామగారి మొహాన చెప్పి, వంటింట్లోకి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ఆ తరువాత ఏటా వచ్చింది. మగవాళ్ళిద్దరూ చచ్చేదాకా మాట్లాడుకోలేదు. అందువల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

అరవైలంతా నేను ఆయనను తెర పరీక్షకు మద్రాసు తీసుకెళ్తూనే ఉన్నాను. బావమరిదికి ఆ గడప దగ్గర నిషేధం. కుర్చీలో కూర్చున్నాక మామగారు కనపడలేదన్న మాట నోట పలకడానికి ఏడాది పట్టింది. మొదట్లో ఊరికే పెదాలు బిగించుకునేవారు. తరువాత లేదు అన్నారు. చివరికి బాగా అలవాటై, ముసలాయన పూసను మరీ దూరంగా పెడితే, అంత దూరంలో నాకెట్ట కనపడతాది, తెలియదా అని కసిరేవారు.

ఒకసారి ముసలాయన పాత గీతలనూ కొత్త గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుగుకు ఎత్తి చూసి, ఏమీ మారలేదన్నారు. ఎంతో సంతోషంగా చెప్పారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మామగారికి మాత్రం ఆ మాట ఏమాత్రం నచ్చలేదు. ఇంత దూరం వచ్చి, ఇంతసేపు గడ్డం కొయ్య మీద పెట్టి కూర్చుంటే, చెప్పేది ఇదా అని సెంట్రల్ స్టేషను దాకా సణిగారు. కొంచెమైనా పెరగకపోతే రావడం దేనికని రైల్లో నన్ను అడిగారు. మీ జబ్బుకు ఇంతకంటే మంచి కబురు ఉండదని చెప్పాను. ఆయన నమ్మలేదు.

సూళ్ళూరుపేట దాటాక కిటికీ పక్కన కూర్చుని, మిగిలిన కంటితో బయటికి చూస్తున్నారు. పులికాట్ వైపు నీళ్ళ మీద తెల్లగా ఏవో గుంపుగా దిగుతున్నాయి. అవి ఏమిటో నాకు తెలుసా అని అడిగారు. కొంగలు మామా అన్నాను.

"బాతులు," అన్నారాయన.

కొంగలే, కాళ్ళు కనపడుతున్నాయి చూడండి అన్నాను. అవి బాతులేనని ఆయన, కొంగలని నేను, దొరవారిసత్రం స్టేషను వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.